వాటా గిన్నె

నేను వంట చెయ్యను. వండినదాన్ని దాస్తాను. అదే నా ఉద్యోగం. మధురవాడ దాటాక కొండ వారగా ఉన్న ఒక సంరక్షణ కేంద్రంలో వంటగది బాధ్యత నాది. తుంటి విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి లేనివాళ్ళు మా దగ్గర ఉంటారు. కొందరు కొన్నాళ్ళుండి, నడక వచ్చాక వెళ్ళిపోతారు. కొందరు ఉండిపోతారు. వాళ్ళకోసం వండింది ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు ఉంచాలో, ఎవరి కంచంలోకి ఏది వెళ్ళకూడదో చూడటానికి నాకు జీతం ఇస్తారు. దీనికి కూడా జీతమేనా అని మా ఆడపడుచు ఒకసారి నవ్వింది. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూపించు, అప్పుడు చెబుతానన్నాను. ఆవిడ తియ్యలేదు.

ఇంతకు ముందు గాజువాక వైపు ఒక క్యాంటీన్‌లో చాలా ఏళ్ళు చేశాను. అక్కడ తినేవాళ్ళు రాళ్ళు తిని అరిగించుకునే రకం. పొద్దుటి సాంబారు సాయంత్రం పోసినా తిని డ్యూటీకి పోయేవాళ్ళు. ఇక్కడ ఆ ఆటలు సాగవు. ఒక్క పూట విరేచనాలు పట్టుకుంటే చాలు, నెల రోజులు కష్టపడి తెచ్చుకున్న ఓపిక అంతా పోతుంది. అందుకే చేరిన కొత్తలోనే ప్రతి గిన్నె మీదా చీటీ అతికించాలని పట్టుబట్టాను.

మొదట షాపులో దొరికే తెల్ల స్టిక్కర్లు తెచ్చాం. మన ఊరి ఉప్పు గాలికి, ఉక్కపోతకి అవి నిలుస్తాయా? ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గిన్నెకి చెమట పట్టేది, స్టిక్కరు జారేది, ఒకసారి ఏకంగా పప్పులోనే తేలింది. ఆ రోజు నేను అరిచిన అరుపులకి మేడ మీది వార్డులో నిద్రపోతున్న ముసలాయన లేచి ఎవరు పోయారని అడిగాడట. చివరికి పెయింటర్లు వాడే కాగితం టేపు, చెరగని మార్కరు కుదిరాయి. టేపు మీద ఏం వండారో, ఎప్పుడు వండారో, ఎప్పటిదాకా వాడొచ్చో రాయాలి. ఉప్పు తగ్గించిన కూరలకి నీలం టేపు, షుగరు ఉన్నవాళ్ళ వాటికి ఆకుపచ్చ టేపు. పచ్చి చేప ఎప్పుడూ అట్టడుగు అరలో ఉండాలి, దాని నీళ్ళు వండిన వాటి మీద కారకుండా. ఇంటి నుంచి ఎవరైనా ఏదైనా తెస్తే దాని మీద ఎవరికోసమో, ఏ గదికో కూడా రాయాలి.

మా వంటామె విజయనగరం వైపు రైతుల ఇంటి ఆడబిడ్డ. చేతి వంట గొప్పది, నోరు అంతకన్నా గొప్పది. ఈ టేపుల గోల ఆమెకి సుతరామూ నచ్చలేదు.

"ముక్కుండగా ఈ కాయితాలెందుకు మేడంగారూ? వాసన సూత్తే తెల్దేటి?"

"నీ ముక్కుకి తెలిసేలోపే వాళ్ళ కడుపుకి తెలిసిపోతుంది. కొన్నిటికి వాసనే రాదు" అన్నాను.

రోజూ ఇదే రామాయణం. చివరికి టేపుకి ఒప్పుకుంది కానీ ఒక్క మాట దగ్గర మాత్రం మొండికేసింది. గడువు దాటాక పారేయాలి అని రాయమంటే మార్కరు కింద పెట్టేసింది. "అన్నం గిన్ని మీద పారీమని నా సేత్తో నాను రాయను. కళ్ళు పోతాయి" అంది. మరేం రాస్తావంటే, కాసేపు ఆలోచించి "ఆవుకి" అని రాసి, పక్కన టైము వేసింది. మా గేటు దగ్గరికి రోజూ ఒక ఆవు వచ్చేది. ఆ టైము దాటితే అన్నం ఇక మనది కాదు, ఆవుది అన్నమాట. నాకు కావలసింది టైము కాబట్టి నేను ఊరుకున్నాను. ఆమె చేపల పులుసు మీద కూడా అలవాటుగా "ఆవుకి" అనే రాసేది. తనిఖీకి వచ్చిన ఒకాయన ఆ గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసి నా మొహం వైపు చూశాడు. గడువు రాసి ఉంది కదా సార్ అన్నాను. ఉందండీ అని ఫ్రిజ్ మూసేశాడు.

ఈ పద్ధతి కాస్త కుదురుకున్నాక మామ్మ మా దగ్గరికి వచ్చింది. ఊళ్ళో సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ వాడ ఆమెది. మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది, నడక రాలేదు. కూతురు రేవులో చేపలు అమ్ముతుంది. ఆవిడే తెచ్చి దింపింది. బట్టల సంచీతో పాటు మూత ఉన్న చిన్న స్టీలు గిన్నె ఒకటి మామ్మ తన ఒళ్ళోనే పెట్టుకుని వచ్చింది. మనిషి సన్నగా, నల్లగా, తాడులా గట్టిగా ఉండేది. నడవమని వాకరు ఇస్తే దాన్ని గోడకి ఆనించి, దాని మీద తువ్వాలు ఆరేసుకునేది.

భోజనం పెట్టగానే మామ్మ ముందు ఒక ముద్ద అన్నం, ఒక చేప ముక్క తీసి ఆ గిన్నెలో పెట్టి మూత వేసేది. తర్వాతే తినేది. దేవుడికి కాబోలు అనుకున్నాం. దేవుడి జోలికి మనమెందుకని ఎవరూ అడగలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న మామ్మకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. సెలైన్ పెట్టారు. డాక్టరు నన్ను పిలిచి ఏం పెట్టారని అడిగాడు. నిన్న వండిన ప్రతిదాని చిట్టా ఆయనకి అప్పజెప్పాను. అదే భోజనం తిన్నవాళ్ళంతా బాగానే ఉన్నారు. అప్పుడు గది తుడిచే ఆయా మంచం కింది నుంచి ఆ గిన్నె తీసుకొచ్చింది. అడుగున నీళ్ళు, నాలుగు మెతుకులు, చేప ముల్లు. రాత్రంతా ఆ ఉక్కలో మంచం కింద నానిన అన్నం. పొద్దున్నే మా టిఫిన్ రాకముందే మామ్మ దాన్ని తినేస్తోంది. రోజూ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంత టేపు, ఇంత మార్కరు, ఇన్ని అరుపులు, తీరా చూస్తే మంచం కింద ఇంకో వంటగది నడుస్తోంది! మేనేజరు గారు నాకంటే గట్టిగా అన్నారు. ఇంకోసారి ఇలా అయితే ఈవిడని ఇంటికి పంపించేద్దాం, ఇక్కడే ప్రాణం పోతే మన మెడకి చుట్టుకుంటుంది అన్నారు. ఆ మాట కూతురికి చెప్పే పని నాకే పడింది.

కూతురు రేవు నుంచి నేరుగా వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. వరండాలో నిలబడి చెప్పింది.

"అది మా అన్న వాటా మేడంగారూ. మా వాడలో మొగోడు సముద్రం మీద ఏటకెల్తే ఆడి కూడు తీసి పక్కనెట్టీసి, అప్పుడు తింటాం. ఏ ఏలకొస్తాడో తెల్దు కదా. ఆడు రాపోతే మర్నాడు నీల్లోసుకుని ఇంట్లోనోలు తినీడమే. ఆడొచ్చినాక మానీడం. మా అన్న ఏటకెల్లి రానేదు. గాలొచ్చినాది. బోటు దొరికింది గాని మనుసులు దొరకనేదు. ఎన్నో ఏల్లయిపోనాది. మా యమ్మ మాననేదు."

"చెప్పి చూడలేదా?"

"సెప్పని మనిసెవులు? నాను సెప్పినాను, మా వదిన సెప్పింది. సెప్పిసెప్పి మా వదిన పుట్టింటికెల్లిపోనాది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంటికి తీసుకుపోమంటే ఎలగ మేడంగారూ? మాది మేడ మీద గది. బాత్రూం కింద. తెల్లారకముందే నాను రేవుకెల్లిపోతే యమ్మనెవులు సూత్తారు? ఇంకోపాలి పడిపోతే అంతే."

ఆవిడ ఏడుస్తోంది. మామ్మతో నేనే మాట్లాడతానని పంపేశాను.

మామ్మ తేరుకున్నాక మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నాకు తిప్పి చెప్పడం చేతకాదు. ఆ గిన్నె మానెయ్యాలి, లేకపోతే ఇక్కడ ఉండనివ్వరు అని ఉన్నమాట చెప్పేశాను.

"అయితే పంపీండి" అంది.

"ఇంటికెళ్తే నిన్ను చూసుకునే మనిషి లేదు మామ్మా."

"తెలుసు. ఆడి కూడు మానీమంటే మాననమ్మా. నానే మానీస్తే, ఆడు పోనాడని నా నోటితో నానే సెప్పినట్టవదేటి?"

లేచి వచ్చేశాను. ఆ సాయంత్రమంతా అందరి మీదా చిర్రుబుర్రులాడాను. ముసలావిడ మొండితనం మీద కోపం, మేనేజరు మీద కోపం, దొరకని ఆ మనిషి మీద కూడా కోపం. రాత్రి భోజనాలకి ముందు గిన్నెల మీద టేపులు అతికిస్తుంటే తట్టింది. దాచడమే కదా నా పని. ఆవిడకి దాచుకోవద్దని ఎందుకు చెబుతున్నాను?

మర్నాడు వంటామెని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

"మామ్మా, వాటా మానొద్దు. కానీ మంచం కింద వద్దు. నా ఫ్రిజ్‌లో పెడతాను."

"ఫ్రిజ్జులోనా?" మామ్మ నన్ను ఎగాదిగా చూసింది. "సముద్రంలో తడిసొచ్చినోడికి సల్లటి కూడెడతావేటి?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి వంటామె అందుకుంది. "ఏడి సేసి ఎడతాం మామ్మా. ఏ ఏలప్పుడొచ్చినా పొగలొచ్చీలాగ ఏడి సేసి మరీ ఎడతాం. నన్ను లేపండి, నానెడతాను."

మామ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఎగతాళేమోనని చూసి ఉంటుంది. ఎగతాళి కాదు. మా వంటామెకి ఎగతాళి చేస్తే దాచుకోవడం రాదు.

తర్వాత నా షరతులు చెప్పాను. వాటా కంచంలోంచి తియ్యకూడదు, వండిన గిన్నెలోంచి నేరుగా తీసి వెంటనే లోపల పెట్టాలి. రెండో రోజు దాన్ని మామ్మ తినకూడదు. మరేటి సేత్తారని అడిగింది. గడువయ్యాక ఆవుకి అని వంటామె చెప్పింది. మామ్మ మా దగ్గరికి వచ్చాక నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"మావోడికి ఆవంటే బయ్యం. నడిసముద్రంలో బయపడ్డుగాని, రోడ్డు మీద ఆవు కనబడితే గోడెక్కీసీవోడు. ఆడి కూడు ఆవు తింటందంటే ఎలగ నవ్వుతాడో!"

అలా ఆ స్టీలు గిన్నె మా ఫ్రిజ్‌లోకి వచ్చింది. టేపు మీద అన్నం, పులుసు, తారీకు, టైము రాశాను. ఎవరికోసం అన్నచోట "మామ్మ కొడుకు" అని రాశాను. వారం తిరక్కుండానే మేనేజరు గారు ఫ్రిజ్ చూడటానికి వచ్చి అది పట్టుకున్నారు.

"ఎవరీ కొడుకు? మన రిజిస్టరులో లేడే?"

"వస్తే రాస్తాం సార్."

ఆయన నా మొహం చూసి, గిన్నె చూసి, గడువు సరిగ్గానే ఉందని చూసి వెళ్ళిపోయారు. మంచి మనిషే. పైకి గదమాయిస్తారు, అంతే.

ఇక మామ్మ వంటగది గుమ్మం దగ్గరికి రావడం మొదలుపెట్టింది. వాకరు మీది తువ్వాలు తీసి పక్కన పడేసి, ఒక్కో అడుగూ వేసుకుంటూ, వాటా పెట్టారో లేదో చూసుకోవడానికి వచ్చేది. ఎక్సర్‌సైజులు చేయించే కుర్రాడు, నేను ఎంత బతిమాలినా నడవలేదండీ అని ఆశ్చర్యపోయాడు. మామ్మకి చదువు రాదు. గిన్నె చూపించి "ఏటి రాసినావ్?" అని అడిగేది, నేను తారీకుతో సహా చదివి వినిపించాలి. నెమ్మదిగా స్టూలు వేసుకుని అక్కడే కూర్చోవడం అలవాటైంది. చేతులు కడుక్కుని చింతపండు గింజలు తీసేది. పులుసులో చింతపండు ఎక్కువైందని, చేప ముక్క కలబెట్టకూడదు, గిన్నె పట్టుకుని ఊపాలని వంటామెతో గొడవ పడేది. ఇద్దరూ అరుచుకుంటూ ఉంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది, నా మీద అరిచేవాళ్ళు తగ్గారని. మామ్మకి మళ్ళీ జబ్బు చెయ్యలేదు. వాన రోజులు వచ్చాయి, పోయాయి. గిన్నె రోజూ లోపలికి వెళ్ళేది, గడువు కాగానే బయటికి వచ్చేది, అన్నం ఆవు తినేది, చేప ముక్క పిల్లి తినేది.

ఒకరోజు ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి కడుగుతున్నాం. వెనక మూల నుంచి ఒక డబ్బా బయటపడింది. టేపు లేదు. లోపల ఏదో పచ్చడి. చూడటానికి బాగానే ఉంది, వాసనా రావడం లేదు. ఇదెవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అందరినీ నిలబెట్టి అడిగాను. ఎవరికీ తెలియదు. నేను ఇంకా కేకలేస్తూనే ఉన్నాను, మామ్మ స్టూలు మీంచి అడిగింది.

"తారీకు తెలీని గిన్నికి మీరేటి సేత్తారు?"

"ఏటుంది మామ్మా, ఏ దినం కంటబడితే ఆ దినమే దానికి ఆకరు" అంది వంటామె, చేతిలో గుడ్డ ఆపకుండానే. "తీసీడమే. ఇంకోపాలి లోపలెట్టం."

మామ్మ చింతపండు పళ్ళెం ఒళ్ళోంచి దించి కింద పెట్టింది. మేం అరలు తుడిచి అన్నీ సర్దడం మొదలుపెట్టాం. నేను కొత్త టేపు చింపి మామ్మ వాటా గిన్నె అందుకోబోతుంటే, ఆగమ్మా అంది.

"మావోడు బోటెక్కిన దినం నాకు తెలుసు. పోయిన దినం తెల్దు. దినం తెలీపోతే ఏడాదికోపాలి ఆడి పేరు మీద అన్నం ఏ దినం ఎట్టుకోను? అందుకే రోజూ ఎట్టినాను. అందరూ మానీ మానీ అన్నారుగాని, ఇదిగో ఇదీ దినమని ఎవులూ సెప్పనేదు."

వంటామె చేతిలో గుడ్డ ఆగింది.

"తెలీపోతే ఇయ్యాలే కదేటి" అంది మామ్మ. "రాయమ్మా. ఇయ్యాల తారీకు రాయి."

నాకు చెయ్యి రాలేదు. "ఇది పచ్చడి డబ్బాలకి పెట్టుకున్న రూలు మామ్మా. మనుషులకి కాదు" అన్నాను.

"మరి మనుసులకి రూలేటో నువ్వు సెప్పు."

టేపు గోడకి ఆనించి ఆ రోజు తారీకు రాశాను. మామ్మ చదవమంది. చదివాను. ఇంకోపాలి అంది. మళ్ళీ చదివాను. ఆ టేపు ముక్కని గిన్నె మూతకి లోపలి వైపు తనే అతికించి, గోరుతో అంచులన్నీ నొక్కింది. కూతురికి చూపించాలి, వచ్చే ఏడు అది చదివి చెబుతుంది అంది.

వంటామె ఎవరినీ అడగకుండా ఆ గిన్నెలోది స్టవ్ మీద పెట్టింది. పొగలు వచ్చేదాకా వేడి చేసి, అరిటాకు ముక్కలో వేసి మామ్మ చేతికిచ్చింది. మామ్మ వాకరు వదిలేసింది. నేనొక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుంటే పెరట్లోకి నడిచి, ప్రహరీ గోడ మీద ఆకు పెట్టి, కొడుకుని పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు మేమెవరం అంతవరకూ వినలేదు. ఇన్నాళ్ళూ మావోడు అనే అంది. చేపల వాసనకి కాకులు ఎంతోసేపు ఆగలేదు. ముట్టింది మామ్మా అంది వంటామె. మామ్మ తలూపింది.

లోపలికి వచ్చాక నేను స్టోరు గదిలోకి వెళ్ళి, బియ్యం బస్తాల మధ్య నిలబడి ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు. మామ్మ తన కంచంలో పెట్టిందంతా తింది. చేప ముక్క ముల్లు తప్ప ఏమీ మిగలకుండా తింది. ఇంకొంచెం అన్నం వెయ్యమని కంచం చాపింది.